మలుపుకి ముందే బ్రేకు

కేకుల కొట్టు,
కొండకింది వీధి

ముద్దుల మరదలికి,

వదిన ఉత్తరం రాసిందేమిటి, ఎవరికేమైందోనని గుండె పట్టుకోకు. మనుషులం అందరం బాగానే ఉన్నాం. బాగాలేనిది కేకు ఒక్కటే. ఫోన్ చేసేదాన్నే గానీ ఫోను గల్లాపెట్టె పక్కన ఉంటుంది, గల్లాపెట్టె పక్కన మీ అన్నయ్య ఉంటాడు. నేను చెప్పబోయేది మీ అన్నయ్య సంగతే.

మూడో కేకు కూడా పోయింది. కొండమీది హోటల్లో ఎవరిదో పెళ్ళిరోజుకని మూడంతస్తుల కేకు చేసి పంపాను. రెండు రోజులు నడుం విరిగేలా చేశాను. హోటలు గుమ్మంలో తలుపు తీసేసరికి పై అంతస్తు కింది అంతస్తు మీద లేదు, వ్యాను గోడకి అతుక్కుని ఉంది. గులాబీలన్నీ మీ అన్నయ్య చొక్కా మీద ఉన్నాయి, ఎందుకంటే ఆయన దిగి చూసేసరికి కింది అంతస్తు కూడా బయలుదేరింది, పట్టుకోబోయాడు. హోటలు వంటపెద్ద నాకే ఫోన్ చేశాడు. అరిచినా బాగుండేది, చాలా మర్యాదగా మాట్లాడాడు. "అమ్మా, మీ కేకు కొండ ఎక్కి వస్తోందా, కొండ మీంచి దొర్లి వస్తోందా?" అని అడిగాడు.

వచ్చే నెలాఖరున హోటలు యజమానురాలి తల్లికి ఎనభయ్యో పుట్టినరోజు. ఆ కేకు మనకే ఇచ్చారు. అది కూడా ఇలాగే వస్తే ఇక మీకో దండం అన్నాడు వంటపెద్ద. మన కొట్లో సగం పని ఆ హోటలుదే. అది పోతే కొట్టు మూసుకోవడమే. కొట్టు మూస్తే మీ అన్నయ్య మళ్ళీ రేవు గోదాముకి పోతాడు. నీకు తెలుసుగా, ఇరవయ్యేళ్ళు నెలకోసారి ఇంటికొచ్చే మొగుడితో కాపురం చేశాను. ఇప్పుడు మూడేళ్ళుగా రోజూ ఎదురుగా ఉన్నాడు. కొన్ని పూటలు ఎందుకున్నాడా అనిపిస్తుంది, అది వేరే సంగతి. మళ్ళీ మాత్రం పంపను.

కేకులో లోపం లేదు. లోపం తోలడంలో ఉంది. ఒకసారి పక్కన కూర్చుని చూశాను. మలుపు వచ్చేదాకా ఈయన ఏమీ చెయ్యడు. వచ్చాక అన్నీ ఒకేసారి చేస్తాడు. బ్రేకు తొక్కడం, స్టీరింగు లాగడం, రోడ్డు వేసినవాణ్ణి తిట్టడం, మూడూ కలిపి. తిన్నగా వేస్తే పోయేదానికి వంకరగా వేశారట. కొండ చుట్టూ తిన్నగా ఎలా వేస్తారని అడిగితే, నీకు బండ్ల సంగతి తెలియదులే అన్నాడు.

కొట్టు తెరిచిన రోజే పంపకాలైపోయాయి, పొయ్యి నాది, బండి ఆయనది. నాకూ లైసెన్సు ఉంది. వ్యాను కొన్నప్పుడు ఇద్దరం తీసుకున్నాం. ఆయనది జేబులో ఉంది, నాది బీరువాలో బట్టల కింద ఉంది. నువ్వు చెబితే ఆయన వినడు, చెల్లెలు చెప్పిందంటే పౌరుషం. నేను చెబితే అసలే వినడు. కాబట్టి నాకు నేర్పు. అంబులెన్సు తోలుతున్నావు, నీ వెనక పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే ఆసుపత్రికి చేరుతున్నారు. నా కేకు నీ రోగులకంటే బరువేం కాదు.

మీ అన్నయ్యకి తెలిసిందో, నువ్వు నా మరదలివే కాదు.

నీ వదిన

*

అంబులెన్సు షెడ్డు,
పెద్దాసుపత్రి వెనక

వదినా,

నీ ఉత్తరం డ్యూటీలో చదివాను. పడీపడీ నవ్వుతుంటే మా నర్సమ్మ వచ్చి ఎవరు రాశారంటూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వదిన అంటే నమ్మలేదు. ఇప్పుడు షెడ్డు మొత్తం నాకు సంబంధం కుదిరిందనుకుంటోంది. నీ కేకు మూలంగా నా పరువు పోయింది.

అన్నయ్య చేసే తప్పేమిటో నాకు తెలుసు. ఆయన ఇరవయ్యేళ్ళు గోదాములో ఫోర్క్‌లిఫ్ట్, అదే పెట్టెలెత్తి పేర్చే బండి, తోలాడు. దానికి తిరిగేవి వెనక చక్రాలు. రెండు వరసల పెట్టెల మధ్య నడకంత వేగంతో పోతారు, మలుపులోకి వెళ్ళాకే బ్రేకు సగం తొక్కి, అక్కడికక్కడే తిప్పుతారు. గోదాములో అది పనితనం. కొండదారిలో అదే పని చేస్తే బరువంతా ముందుకీ పక్కకీ తూలుతుంది. ఆయన చేతులకి ఇంకా గోదాము వదల్లేదు, అంతే.

ఇక నీ పాఠం. రోడ్డుని పట్టుకుని ఉండేవి చక్రాలు నాలుగే. వాటి పట్టు ఎంతుందో అంతే. ఆ పట్టుతో ఆగొచ్చు, లేదా తిరగొచ్చు. రెండూ ఒకేసారి గట్టిగా అడిగితే ఇవ్వలేవు. రెండు చేతులా ట్రే పట్టుకున్నదాన్ని తలుపు తియ్యమంటే ఎలా తీస్తుంది? అందుకని బండి తిన్నగా పోతున్నప్పుడే బ్రేకు వేసెయ్. మలుపు మొదలయ్యేసరికి బ్రేకు పని అయిపోవాలి, గేరు తగ్గిపోవాలి. తర్వాత చూపుని మలుపు అవతలికి పంపు. ముక్కు ముందున్న రాయిని చూస్తే బండి రాయి దగ్గరికే పోతుంది. స్టీరింగు గుంజకు, ఒకే ఊపున, మెత్తగా తిప్పు. బండి ముక్కు తిన్నబడుతుంటే అప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు ఆనించు, తొక్కకు.

ఇంకొకటి. మలుపు అవతల కనపడకపోతే అక్కడ లారీ ఉందనే అనుకో. కనపడుతున్నంత దూరంలో ఆగగలిగే వేగమే నీ వేగం. వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనీ. కేకు వాడిది కాదు.

మాకు పని నేర్పినాయన మొదటిరోజు తాళం ఇవ్వలేదు. ఒక్కొక్కరినీ స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, కట్టేసి, ఇంకో కొత్తవాడి చేత బండి తోలించాడు. పొద్దున తిన్నదంతా నాకు మళ్ళీ కనపడింది. ఆ తర్వాత నేనెప్పుడూ మలుపులో బ్రేకు తొక్కలేదు. వీలైతే నువ్వూ ఒకసారి వెనక పడుకుని చూడు. కేకు బాధ కేకుకే తెలుస్తుంది.

నీ మరదలు

*

పిండి బస్తాల గది,
కొట్టు వెనక

అమ్మడూ,

ఇది చదివి చింపెయ్. మీ వదినకి తెలిస్తే ఈ ఇంట్లో నాకు మొహం చెల్లదు. ఫోన్ చేద్దామంటే ఆవిడ పొయ్యి దగ్గరున్నా చెవి ఫోన్ దగ్గరే ఉంటుంది.

కేకుల సంగతి నీకు తెలిసే ఉండదు. మూడు పడేశాను. మీ వదిన ముందు రోడ్డుని తిడుతున్నాను గానీ, తప్పు రోడ్డుది కాదు. మొదటి మలుపు కనపడగానే నా అరచేతులు తడిసిపోతాయి. రెండు టన్నుల పెట్టెల్ని వెంట్రుకవాసి తేడా లేకుండా పేర్చినవాణ్ణి. గాజు సామాను వస్తే నన్నే పిలిచేవాళ్ళు. అలాంటివాణ్ణి ఒక్క కేకుని కొండ మీదికి చేర్చలేకపోతున్నాను. ఆవిడ రెండు రోజులు కూర్చుని ఒక్కో పువ్వూ పెడుతుంది. నేను అరగంటలో ముద్ద చేసి తెస్తున్నాను. అయినా ఒక్క మాట అనదు. అంటే బాగుండు.

గోదాము మేనేజరు మళ్ళీ కబురు పెట్టాడు, నీ బండి నీకే ఉంచాను రమ్మని. నెలాఖరు కేకు కూడా పడితే వెళ్ళక తప్పదు. నాకు వెళ్ళాలని లేదమ్మా. ఇరవయ్యేళ్ళు డీజిల్ కంపుకి నిద్ర లేచాను. ఇప్పుడు మీ వదిన పొయ్యిలో పెట్టిన కేకు వాసనకి లేస్తున్నాను. ఈ వయసులో మళ్ళీ ఆ గదికి, ఆ ఇనప మంచానికి పోలేను.

నువ్వు నవ్వనంటే ఒకటి అడుగుతాను. మలుపు ఎలా తిప్పాలో చెప్పు. తెల్లవారకముందే రోడ్డు ఖాళీగా ఉంటుంది, సాధన చేస్తాను. ఎక్కడికని మీ వదిన అడిగితే గుడ్లకని చెబుతాను.

అన్నయ్య

*

అంబులెన్సు షెడ్డు

అన్నయ్యా,

నవ్వలేదు. నర్సమ్మని అడుగు, ఈసారి కళ్ళు తుడుచుకోవడమే చూసింది. సంబంధం తప్పిపోయిందని షెడ్డులో అందరూ నన్ను ఓదారుస్తున్నారు.

పాఠం వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. రోడ్డుని పట్టుకున్నవి నాలుగు చక్రాలే, రెండు చేతులా ట్రే పట్టుకున్నవాడు తలుపు తియ్యలేడు అని మొదలవుతుంది. ఇంత గడగడా ఎలా రాశావని అడక్కు. ఈమధ్యే నోటికొచ్చింది.

నీకు ప్రత్యేకంగా ఒక్క మాట. నీ వెనక చక్రాలు తిరగవు. ఫోర్క్‌లిఫ్ట్‌ని మర్చిపో. ఆ పనితనం ఎక్కడికీ పోదు, కాస్త పక్కన పెట్టు. ఉత్త బండి కాకుండా వెనక కేకంత ఎత్తున్నదేదైనా పెట్టుకుని తోలు. అది పడితే నీకే తెలుస్తుంది, ఎక్కడ తప్పు చేశావో.

గుడ్లు అబద్ధం బాగాలేదు. మీకు గుడ్లు ఇంటికే వస్తాయి కదా.

అమ్మడు

*

కేకుల కొట్టు

మరదలా,

తోలాను. మీ అన్నయ్య బుధవారాలు కిరాణా కొట్టాయన బండిలో పిండి మార్కెట్టుకి పోతాడు కదా, ఆ పూట వ్యాను నాది.

మొదటి బుధవారం సంగతి ఎవరికీ చెప్పకు. మలుపుకి ముందే బ్రేకు అన్నావని ఎంత ముందు వేశానంటే, నీటి ట్యాంకు మలుపు ఇంకా కనుచూపు దూరంలో ఉండగానే బండి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసుకుని మలుపు దాకా వెళ్ళాల్సి వచ్చింది. సైకిలు మీద ఒక పెద్దాయన నన్ను దాటిపోతూ జాలిగా చూశాడు. వెనక కార్లో ఆయన దిగి వచ్చి, బండి చెడిపోయిందా అమ్మా అన్నాడు. లేదు, నేర్చుకుంటోంది అన్నాను. బండా మీరా అని అడిగి వెళ్ళి తన కార్లో కూర్చున్నాడు.

రెండో బుధవారం వెనక పిండి బస్తా నిలబెట్టాను. అద్దం మలుపు దగ్గర పడింది. అదే, అవతలి బండ్లు కనపడటానికి గుండ్రటి అద్దం పెట్టారే, అక్కడ. తప్పు నాదే, అద్దంలో నా మొహం చూసుకున్నాను. మూడోసారి కొండపైదాకా వెళ్ళి వచ్చినా బస్తా పడలేదు. దిగేటప్పుడు కూడా చిన్న గేరులో పెట్టి ఇంజను పట్టుమీదే వచ్చాను, బ్రేకు మీద కాలు వేసి కూర్చోలేదు. ఇన్నేళ్ళొచ్చాక ఒంట్లో అంత హుషారు ఎక్కడిదో నాకే తెలియదు. ఇంటికొచ్చి పిండి బస్తాని కావలించుకున్నాను.

సంతోషం అక్కడితో సరి. ఇంకో గొడవ వచ్చి పడింది. మీ అన్నయ్య వారంలో నాలుగు రోజులు తెల్లవారకముందే వ్యాను తీసుకుని పోతున్నాడు. ఎక్కడికంటే గుడ్లకంటాడు. మనకి గుడ్లు ఇంటికే తెచ్చి ఇస్తారు. పోనీ ఆ గుడ్లైనా తెస్తాడా, అదీ లేదు. చెమటలు కక్కుకుంటూ వస్తాడు. మొహం మాత్రం వెలిగిపోతుంటుంది, పాట కూడా పాడుతున్నాడు. ఈ కాపురంలో ఆయన పాడటం నేనెప్పుడూ వినలేదు. పెట్రోలు చూస్తే మాయమైపోతోంది. అందులో నా వాటా కూడా ఉందనుకో, అయినా అంత కాదు.

మరదలా, దాచకుండా చెప్పు. ఆయనకి ఇంకెవరైనా ఉన్నారంటావా? ఉంటే ఆవిడ కూడా గుడ్లే అడుగుతోందా?

నీ వదిన

*

అంబులెన్సు షెడ్డు

వదినా,

మా అన్నయ్యకి ఇంకెవరో ఉండటమా? నిన్ను ఒప్పించడానికే ఆయనకి రెండేళ్ళు పట్టిందని ఇంట్లో అందరికీ తెలుసు. మళ్ళీ అంత శ్రమ పడే మనిషి కాదు. గుడ్ల సంగతి నాకేం తెలుసు? గుడ్లకి వెళ్ళాడంటే గుడ్లకే వెళ్ళి ఉంటాడు. దొరక్కపోయి ఉంటాయి.

నీ మలుపుల సంగతి బాగుంది. మలుపు మధ్యలో వేగం ఎక్కువైందనిపిస్తే కంగారుపడి కాలు ఒక్కసారిగా తీసెయ్యకు, బ్రేకు మీద పడకు. స్టీరింగు పట్టు తప్పకుండా కాలు మెల్లమెల్లగా తగ్గించుకో. అసలు ఆ అవసరం రాకుండా ముందే తగ్గి వెళ్ళడం ఇంకా మంచిది.

ఇవాళ పని ఎక్కువగా ఉంది. ఇంకేం అడక్కు.

నీ మరదలు

*

పిండి బస్తాల గది

అమ్మడూ,

నీ పాఠం పనిచేస్తోంది. చాలా మలుపుల్లో పడటం లేదు. మొదటి మలుపులోనే ఇంకా చేతులు వణుకుతున్నాయి.

ఒక అనుమానం. వ్యానుని ఎవరో వాడుతున్నారు. గురువారం పొద్దున ఎక్కితే సీటు ముందుకి జరిగి ఉంటోంది, మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయి. పెట్రోలు తగ్గుతోంది. పక్క మెకానిక్కు మీద అనుమానం, వాడు పొట్టివాడు. నిన్న వాణ్ణి నిలదీద్దామని వెళ్ళాను. వాడేమో నా వంక చూసి నవ్వి, బుధవారాలు మీ ఇంట్లోనే అడగండి అన్నాడు. అర్థం కాలేదు. నీకేమైనా అర్థమైందా?

అన్నయ్య

*

అంబులెన్సు షెడ్డు

అన్నయ్యా,

పాత వ్యాన్లలో సీట్లు పల్లానికి వాటంతట అవే జరుగుతాయి. మెకానిక్కుని వదిలెయ్.

ఆసుపత్రిలో ఇంతమంది రహస్యాలు మోస్తాను, ఎవరూ నన్ను ఇంతగా చంపుకు తినలేదు.

అమ్మడు

*

కేకుల కొట్టు

ఓసి నంగనాచి మరదలా,

గుడ్లకి వెళ్ళి ఉంటాడా? దొరక్కపోయి ఉంటాయా? నువ్వు నా ఎదురుగా ఉంటే ఈ అట్లకాడతోనే మాట్లాడేదాన్ని.

జరిగింది చెబుతాను విను. మొన్న ఆయనకంటే ముందు లేచి, వ్యాను వెనకెక్కి, బస్తాల మీద కప్పే గుడ్డ కప్పుకుని పడుకున్నాను. ఆవిడెవరో చూసి, అక్కడికక్కడే దిగి, నాలుగు కడిగేద్దామని నా ఆలోచన. ఏమేం అనాలో కూడా రాత్రే అనుకున్నాను. మీ అన్నయ్య వచ్చాడు. వెనక తలుపు తీసి నా పక్కన ఏదో పెట్టాడు. గుడ్డ సందులోంచి చూద్దును కదా, మన అద్దాల బీరువాలో చూపుకి పెట్టిన అట్ట కేకు! దాని అంచులెందుకు నలిగిపోతున్నాయా అని నెల నుంచి ఎలకల్ని తిడుతున్నాను.

బండి కదిలింది. మొదటి మలుపులో ఆయన బ్రేకు తొక్కాడు. అట్ట కేకు వచ్చి నా నెత్తి మీద పడింది. గుడ్డ నోట్లో కుక్కుకుని కుక్కిన పేనులా పడి ఉన్నాను. బండి ఆపి వెనక్కి వచ్చి, చీకట్లో తడిమి, కేకుని లేపి నిలబెట్టి, దాన్ని నిమురుతూ "క్షమించవే తల్లీ" అన్నాడు. కేకుతో అన్నాడే! నాకు కడుపులో నవ్వు ఎలా తన్నుకొచ్చిందంటే, ఆయన ఇంకొక్క క్షణం అక్కడే ఉంటే దొరికిపోయేదాన్ని.

మళ్ళీ ఎక్కి తోలుతూ పైకే అనుకోవడం మొదలుపెట్టాడు. ముందు బ్రేకు, తర్వాత మలుపు, చూపు అవతలికి, రెండు చేతులా ట్రే పట్టుకున్నవాడు తలుపు తియ్యలేడు. అప్పుడు వెలిగింది నాకు. ఆ ట్రే నాది! ఆ తలుపు నాది! నాకు రాసిన పాఠమే ఆయనకీ రాశావు. ఆవిడ ఎవరా అని నేను కుళ్ళి చచ్చానే, ఆవిడవి నువ్వు.

కోపంతో లేచి కూర్చుందామనుకున్నాను. కానీ ఏం జరిగిందో విను. రెండో మలుపు వచ్చింది, ఇప్పుడు పడుతుంది అని కేకుని చూస్తూ ఉన్నాను. పడలేదు. నీటి ట్యాంకు మలుపు. పడలేదు. అద్దం మలుపు. నేను కూడా ఉన్నచోటు నుంచి కదల్లేదు. బ్రేకు ఎప్పుడు వేశాడో, ఎప్పుడు వదిలాడో వెనక ఉన్నదానికి తెలియనే లేదు. అక్కడ పడుకుని నవ్వాను, కొంచెం ఏడ్చాను కూడా. మూడు కేకులు పడేసి రోడ్డుని తిడుతుంటే ఈయనకి బాధే లేదనుకున్నాను. చీకట్లో లేచి వచ్చి అట్టముక్కకి క్షమాపణ చెప్పుకుంటున్నాడు మహానుభావుడు.

హోటలు గేటు దగ్గర ఆపి దిగి, కాసేపు నిలబడ్డాడు. "ఈసారి పడదు" అన్నాడు. గేటుతోనే అన్నాడు, ఇంకెవరున్నారు అక్కడ. కొట్టు దగ్గరికొచ్చి షట్టరు ఎత్తడానికి వెళ్ళగానే నేను దిగి, దొడ్డిదారిన ఇంట్లోకి పోయి, పొయ్యి ముందు నిలబడ్డాను. గుడ్లు దొరికాయా అని అడిగాను. దొరకలేదన్నాడు. అయ్యో పాపం అన్నాను.

ఆయనకి ఏమీ చెప్పలేదు. కానీ ఇప్పుడొక చిక్కు. నెలాఖరు కేకుకి బండి ఎవరు తోలాలి? నేను తోలితే పడదు, నాకు తెలుసు. ఆయన తోలితే మొదటి మలుపు గండం ఉంది. తోలొద్దంటే ఆయన గుండె పగులుతుంది. పడితే గోదాము. ఇప్పుడు చెప్పు, ఇద్దరికీ నేర్పినదానివి.

నీ వదిన
(ఇంకా కోపం పోలేదు)

*

అంబులెన్సు షెడ్డు

వదినా,

కాళ్ళు పట్టుకుంటున్నాను, అట్లకాడ కింద పెట్టు. నువ్వు ఆయనకి చెప్పొద్దన్నావు, ఆయన నీకు చెప్పొద్దన్నాడు, నేను మధ్యలో నలిగి చచ్చాను. ఇద్దరి ఉత్తరాలూ ఒకే సంచిలో వచ్చిన రోజు ఏది ముందు చదవాలో తెలియక టీ చల్లార్చుకున్నాను.

ఎవరు తోలాలో నేను చెప్పను. చెబితే రేపు కేకు పడ్డా పడకపోయినా నన్నే అంటారు. నా అనుభవంలో తెలిసినది ఒకటి రాస్తాను. కొన్నిసార్లు వెనక రోగి పక్కన చుట్టాలెక్కుతారు. మలుపు మలుపుకీ జాగ్రత్త, జాగ్రత్త అని అరుస్తారు. అప్పుడు నా చేతులు కూడా బిగుసుకుంటాయి, ఉన్న ఒడుపు కాస్తా పోతుంది. ఇంకొందరు రోగి చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చుంటారు, నన్ను నమ్మి. ఆ రోజు బండి దానంతటదే మెత్తగా పోతుంది. అన్నయ్యకి మొదటి మలుపులో వచ్చే వణుకు చేతుల్లోది కాదని నా అనుమానం.

ఎలా జరిగినా అదే రోజు రాయి. నాకు ఆ పూట డ్యూటీ, రెండు కాళ్ళూ బ్రేకు మీదే ఉంటాయి.

నీ మరదలు

*

కేకుల కొట్టు

మరదలా,

అదే రోజు రాయమన్నావు, మర్నాడు రాస్తున్నాను. నిన్న ఎందుకు కుదరలేదో చివర్లో నీకే తెలుస్తుంది.

కేకు మూడంతస్తులు చేశాను. పైన ముసలావిడకి ఇష్టమని చక్కెరతో ఊదారంగు పూలు పెట్టాను. ఇద్దరం కలిసి మోసుకెళ్ళి వ్యాను వెనక పెట్టాం. పెట్టాక నేను ఎక్కి కేకు పక్కన కూర్చున్నాను. అటువైపు నుంచి మీ అన్నయ్య కూడా ఎక్కి కేకు పక్కన కూర్చున్నాడు. కేకు మధ్యలో, మేమిద్దరం చెరోపక్క. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు. బండి దానంతటదే వెళ్తుందేమోనని చూస్తున్నట్టు ఉన్నాం ఇద్దరం.

చివరికి ఆయనే నోరు విప్పాడు. "నువ్వు తోలు. సీటు నీ కాళ్ళకి సరిపోయేట్టే ఉంది" అన్నాడు. మెకానిక్కు మాట ఆయనకి బుర్రలోకి ఎక్కడానికి రెండు వారాలు పట్టిందట. మార్కెట్టుకని చెప్పి పోయిన బుధవారం వీధి చివర నిలబడి చూశాడట నన్ను. బాగా తోలుతున్నావు, నాకంటే బాగా తోలుతున్నావు, ఇవాళ్టికి నేను వద్దు అన్నాడు. తల ఎత్తలేదు ఆ మాట అంటూ.

నువ్వు రాసిందే గుర్తొచ్చింది. "మీరే తోలండి. ఆ రోజు వెనక నేనున్నాను. మొదటి మలుపు తర్వాత నేను కదల్లేదు, కేకూ కదల్లేదు" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది, తెల్లబడింది. అయితే ఆ క్షమించవే తల్లీ అన్నది విన్నావా అన్నాడు. విన్నాను, కేకు తగిలింది నాకే కాబట్టి నాకే చెప్పారనుకున్నాను అన్నాను. దిగి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. సీటు వెనక్కి జరుపుకున్న చప్పుడు వినపడింది.

నేను వెనకే ఉన్నాను. కేకు బల్ల మీద చెయ్యి వేసుకుని, నోరు మూసుకుని. అది ఎంత కష్టమో నాకు తెలుసు, ఆ భగవంతుడికి తెలుసు. మొదటి మలుపు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఇంజను చప్పుడు తగ్గింది, గేరు పడింది, బండి ఒక్క వంపు తిరిగింది. కళ్ళు తెరిస్తే పూలు పూలలాగే ఉన్నాయి. ముందు నుంచి, ఉందా అన్నాడు. ఉంది అన్నాను.

అద్దం మలుపు దగ్గర నా పై ప్రాణాలు పైనే పోయాయి. మలుపు ఇంకా రాకముందే ఆయన బాగా తగ్గించాడు. ఇంత తగ్గించడం ఎందుకు అనుకుంటున్నాను, అవతల నుంచి పెద్ద బస్సు మలుపుని అడ్డంగా కోసుకుంటూ మా వైపుకి వచ్చేసింది. గోదాము రోజుల మీ అన్నయ్య అయితే ఆ పాటికి మలుపు మధ్యలో ఉండేవాడు. ఈయన ఇంకా తిన్నటి రోడ్డు మీదే ఉన్నాడు. ఎంత మెత్తగా ఆపాడంటే, ఆగిందని కిటికీలోంచి చూశాకే తెలిసింది. బస్సాయన చెయ్యెత్తి తప్పు ఒప్పుకుని వెనక్కి జరిపాడు. మీ అన్నయ్య రోడ్డుని తిట్టలేదు, బస్సుని కూడా తిట్టలేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకోలేదు.

హోటల్లో వంటపెద్ద కేకు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి చూశాడు, బీట కోసం వెతికాడు. ఏమీ దొరక్క, ఇవాళ వేరే దారిలో వచ్చారా అన్నాడు. అదే దారి, బాగానే వేశారు అన్నాడు మీ అన్నయ్య. ముసలావిడ పూలు మాత్రమే ఏరుకుని తిని, ఇంకా ఉన్నాయా అని అడిగింది. యజమానురాలు మమ్మల్ని పిలిచి ఇక మీదట కేకులన్నీ మీవే అంది. తల ఊపాను, అంతే.

మీ అన్నయ్య అక్కడి ఫోను అడిగి తీసుకుని గోదాముకి చేశాడు. నేను పక్కనే ఉన్నాను. మేనేజరు ఏదో చాలాసేపు చెప్పాడు. అంతా విని, "రానండి. ఆ బండి ఇంకెవరికైనా ఇవ్వండి. నేను ఇక్కడే ఉంటాను" అన్నాడు. ఫోను పెట్టి నా వైపు చూడకుండా, తాళం నా చేతిలో పెట్టి, దిగడం నువ్వు అన్నాడు. నేను ఏడవడం తను చూడకూడదని అలా చేశాడో, తను ఏడవడం నేను చూడకూడదనో తెలియదు.

సీటు ముందుకి జరుపుకున్నాను. ఆయన పక్కన కూర్చున్నాడు. మొదట్లో ఒళ్ళంతా బిగబట్టుకుని, కాలు నేలకి తన్నిపెట్టి కూర్చున్నాడు. అద్దం మలుపు దాటాక, ఎలా తోలుతున్నాను అని అడిగాను. జవాబు లేదు. బాగాలేదన్నమాట అనుకుని ఉడుక్కుని చూస్తే, నిద్రపోతున్నాడు. నోరు కాస్త తెరుచుకుని, చేతులు ఒళ్ళో వేసుకుని, గాఢంగా నిద్రపోతున్నాడు. ఆ కేకు కోసం నెల రోజులుగా సరిగ్గా పడుకోలేదు ఆ మనిషి.

మిగతా మలుపులన్నీ ఆయన తల అటూ ఇటూ వాలకుండా దింపాను. కొట్టు ముందుకి వచ్చాం. ఇద్దరు కేకుల కోసం తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, చెయ్యి ఊపారు. బండి ఆపితే ఆయనకి మెలకువ వచ్చేస్తుంది. నేనూ వాళ్ళకి చెయ్యి ఊపి, ఆపకుండా మెల్లగా వీధి చివరిదాకా పోనిచ్చి, మళ్ళీ కొండదారి పట్టాను.

నీ వదిన